ఓడిపోతే గుండు

తర్ముజి గుండు మీద వెంట్రుకలు దువ్వెనకు అందేంత ఎదగకముందే క్లబ్బును అమ్మేశారు.

జావా తీరాన ఉప్పు మడుల ఊరు బన్యులోర్‌లో గుండు అంటే మొక్కు. ఊరి ఫుట్‌బాల్ జట్టు మూడో లీగు నుంచి రెండో లీగుకు ఎక్కితే తల గొరిగించుకుంటామని కుర్రాళ్లు సీజన్ మొదట్లోనే మొక్కుకుంటారు. ఎక్కిన రోజున మైదానం నడిమధ్య బల్లలు వేసి వరసగా కూర్చుంటారు. ఆ ఏడు ఊరి జట్టు పెర్సెబలోర్ ఎక్కింది. కెప్టెన్ గనక కత్తి మొదట తర్ముజి తల మీదే పడింది. ఉప్పు లారీలు తీసి ఊరంతా ఊరేగారు. రెండు నెలలు తిరగలేదు. ఒక పొద్దున అతను బూ రాస్మి కాఫీ కొట్టులో, సాసర్లో కాఫీ పోసుకుని ఊదుకుంటూ ఉంటే, ఎదురు బల్ల మీద కూర్చున్నవాడు ఫోన్‌లో వార్త చదివాడు. రెండో లీగులో పెర్సెబలోర్ చోటును సముద్రం అవతల కలిమంతాన్‌లో బొగ్గు గనులున్న ఆసామి కొనుక్కున్నాడు. జట్టు ఇక అక్కడిది. పేరు మారుతుంది. చొక్కా మీద పాలబొంత చేప పోయి ఏదో పెద్ద ముక్కు పిట్ట వస్తుంది.

అమ్మినవాడు అప్పటి యజమాని. అందులో నేరమేమీ లేదు. మైదానం ఊరిది, అరుపులు ఊరివి, విరిగిన కాళ్లు ఊరివి. లీగులో చోటు మాత్రం లైసెన్సు ఎవరి పేర ఉంటే వాళ్లది. తర్ముజి ఫోన్ చేస్తే యజమాని ఎత్తలేదు. తర్వాతెప్పుడో ఒక మెసేజ్ పెట్టాడు. వాళ్లకు కుర్రాళ్లు కావాలట, నీకు ఇరవై ఆరు దాటాయి, ఏమీ అనుకోకు.

జుట్టు పెరిగేదాకా తర్ముజి టోపీ పెట్టుకు తిరిగాడు. టోపీ తీసినప్పుడు ఊళ్లో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని చాలాకాలం తర్వాత, తన జట్టులోకి వచ్చిన కుర్రాడు రోఫిక్‌తో అన్నాడు.

జట్టు పోగొట్టుకున్న ఊరికి లీగు చెప్పేది ఒకటే మాట: అడుగు నుంచి రండి. నాలుగో లీగులో కొత్త పేరుతో చేరాలి. జిల్లా దాటాలి, ప్రావిన్సు దాటాలి. అక్కడ మిగిలితే, ఎక్కడో ముక్కూ మొహం తెలియని ఊళ్లో నాలుగు జట్లను ఒకే మైదానంలో పడేసి వారం పది రోజుల్లో తేల్చేస్తారు. పైకి పోయేది ఒక్కటి. మిగతావాళ్లు బస్సెక్కి ఇంటికొచ్చి మళ్లీ జిల్లాతో మొదలుపెడతారు. తర్ముజి అదంతా చేశాడు. ఎండాకాలం ఉప్పు మడుల్లో చెక్కపలకతో ఉప్పు లాగేవాడు. వానలు పడి మడులు మునిగాక అదే మడుల కుర్రాళ్లను పోగేసి బంతి ఆడించేవాడు. కొత్త క్లబ్బుకు పుత్రా బన్యులోర్ అని పేరు పెట్టారు. చొక్కా మీద పాలబొంతనే మళ్లీ కుట్టించారు, ఈసారి కాస్త లావుగా వచ్చింది. ఊళ్లో చిన్నవాళ్లందరికీ అతను చాక్ ముజి అయ్యాడు, అంటే ముజి అన్న. మూడో లీగుకు తిరిగి వచ్చేసరికి అతని గడ్డంలో తెల్లవెంట్రుకలు కనిపిస్తున్నాయి.

అప్పుడు హాజీ మస్రూఖ్ వచ్చాడు. మంచు ఫ్యాక్టరీ ఉంది, రేవులో చేపల షెడ్లున్నాయి. జట్టుకు బస్సిచ్చాడు, బూట్లిచ్చాడు, గోల్ పోస్టులకు కొత్త వలలు కట్టించాడు. హాజీగారు మంచివాడని ఊళ్లో ఇప్పటికీ అంటారు. మంచివాడు కాబట్టే లైసెన్సు ఆయన పేర మార్చేటప్పుడు ఒక్కరూ నోరెత్తలేదు. ఒకసారి కాలినవాళ్లే వెళ్లి మళ్లీ అదే పొయ్యి మీద చేయి పెట్టారు. ఎందుకు పెట్టారంటే బస్సు ఏసీ బస్సు.

రోఫిక్ ఆ బస్సులో ఎప్పుడూ చివరి సీట్లో కూర్చునేవాడు. ఎడమ పక్క ఆటగాడు, కాలు కుదురుగా ఉండదు, ఆడుతున్నా ఆడకపోయినా. మూడో లీగులో ఒక నియమం ఉంది. ఇరవై మూడు నిండినవాళ్లు జట్టుకు ఐదుగురికి మించి ఉండకూడదు. ఆ ఐదు చోట్లూ పేరున్నవాళ్లవి, తర్ముజిలాంటి పాత కాపులవి. మిగతా కుర్రాళ్లకు ఇరవై మూడో పుట్టినరోజు అంటే బయటికి పోయే దారి. రెండో లీగులో ఆ నియమం లేదు. జట్టు ఎక్కితే జట్టుతోబాటు ఎక్కొచ్చు, లేదా పైనున్న ఇంకో జట్టు కంట్లో పడొచ్చు. రోఫిక్‌కు ఆ సీజన్ అయిన నెలకే ఇరవై మూడు నిండుతాయి. ఎక్కితే ఆ ఏడే ఎక్కాలి. లేదంటే తండ్రి లాగిన మడుల్లోనే తానూ ఉప్పు లాగాలి.

"అంత తొందరేంట్రా," అనేవాడు తర్ముజి ప్రాక్టీసులో. "బంతి నీ దగ్గరికి వచ్చేలోపే నువ్వు దాని దగ్గరికి పోయి మళ్లీ వెనక్కొస్తున్నావ్."

"నీకేం చాక్. నీకు తొందర అయిపోయింది."

"అయిపోలేదు. మోకాలు ఒప్పుకోవట్లేదు."

ఆ ఏడు మూడో లీగులో ఒక్కో మెట్టూ దాటారు. చివరి నాలుగు జట్ల ఆటలు పశ్చిమ జావాలో ఒక ఊళ్లో పెట్టారు. రెండు ఆటలయ్యేసరికి లెక్క తేలిపోయింది. చివరి ఆట చిలంకాప్ ఊరి జట్టుతో. బన్యులోర్ గెలిస్తే బన్యులోర్ ఎక్కుతుంది. సమానమైనా చిలంకాప్‌దే.

ఆట రోజు పొద్దున్నే జస్వాది వాళ్ల బసకొచ్చాడు. ఊళ్లో టోఫూ వేయించి అమ్ముతాడు, ఆటల్లో డప్పు కొడతాడు, జట్టు వెంట బస్సులేసుకు తిరిగే అభిమానులకు అతనే పెద్ద. తర్ముజి, రోఫిక్ వసారాలో కూర్చుని అరటాకు పొట్లాలు విప్పుతున్నారు. జస్వాది వచ్చి వాళ్ల మధ్యనే కూర్చున్నాడు.

"హాజీగారి డ్రైవర్‌తో మాట్లాడాను," అన్నాడు. "మొన్న ప్రాక్టీసుకు మెరిసే బూట్లవాళ్లు ఇద్దరొచ్చారు చూడు. వాళ్లు సులవేసి దీవి వాళ్లట. నికెల్ గనులు. మనం ఎక్కితే మన చోటు కొనేసుకుంటారు. మాట అయిపోయింది."

తర్ముజి అన్నం కలుపుతూనే ఉన్నాడు. "ఎక్కకపోతే?"

"ఎక్కకపోతే మనల్నెవడు కొంటాడు చాక్. మూడో లీగు చోటు ఊరికే ఇచ్చినా పట్టుకుపోయేవాడు లేడు."

"అయితే?"

"అయితే ఏముంది. నోరు విప్పి చెప్పాలా."

"విప్పు. అంత పెద్ద నోరు, డప్పు లేకపోయినా పని జరుగుతుంది."

జస్వాది నవ్వలేదు. "ఓడిపోండి," అన్నాడు.

రోఫిక్ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "నీ డప్పు నువ్వు ఎక్కడైనా కొట్టుకోవచ్చు. వచ్చే నెల తర్వాత నేనెక్కడ ఆడను?"

"నిన్ను తీసుకుపోతారనుకుంటున్నావా తమ్ముడూ? పోయినసారి మన ఊరివాళ్లలో ఒక్కణ్ణి తీసుకుపోయారేమో అడుగు."

"నన్ను తీసుకుపోతారు."

"అలాగే అనుకో. నీకు నువ్వొక్కడివే కనిపిస్తావు. నాకు ఊరుంది." జస్వాది తర్ముజి వైపు తిరిగాడు. "మేం బస్సుల్లో వచ్చినవాళ్లమంతా మొక్కుకున్నాం చాక్. ఓడితే గుండు. ఇది నీకు చెప్పి పొమ్మన్నారు."

తర్ముజి చేయి కడుక్కున్నాడు. "గుండు సంగతి నాకు చెప్పకు. చేయించుకున్నవాణ్ణి. నేను ఆడతాను జస్వాది. ఓడిపోదామని మైదానంలోకి దిగిన రోజున నా బూట్లు తీసుకెళ్లి నీ నూనె మూకుట్లో వెయ్యి."

జస్వాది లేచి వెళ్లిపోయాడు. రోఫిక్ కుదురుగా ఉండలేకపోయాడు. మంచినీళ్లకని లేచాడు, తాగకుండానే వచ్చాడు. బూట్ల తాళ్లు విప్పి కట్టాడు.

"నిజంగా ఆడతావా చాక్?"

"నిన్నటిలాగే ఆడతాను."

"నిన్న ప్రాక్టీసులో ఏం బాగా ఆడలేదు నువ్వు."

"అదే చెప్తున్నా. ఎక్కువ ఆశలు పెట్టుకోకు."

ఆట మధ్యాహ్నం మూడున్నరకు మొదలైంది. గడ్డి సగం, మట్టి సగం. తర్ముజి వెనక నిలబడి వచ్చిన బంతినల్లా తలతో తోసేశాడు, రెండుసార్లు నేలమీద పడి ఆపాడు. ఓడించాలనుకున్నవాడు అలా ఆడడని రోఫిక్‌కు మొదటి సగంలోనే అర్థమైంది. మనసు కాస్త కుదుటపడింది. బన్యులోర్ బస్సులవాళ్లు కూర్చున్న వైపు మాత్రం వింతగా ఉంది. డప్పు మోగేది, తమ జట్టు ముందుకు పోగానే ఆగేది. చిలంకాప్ వాళ్లు అటు తిరిగి చూసి నవ్వుకున్నారు. హాజీగారు నీడలో కుర్చీలో ఉన్నాడు. ఆయన పక్కన మెరిసే బూట్లు రెండు జతలు.

ఎవరికీ గోల్ లేదు. ఆట చివరి నిమిషాల్లో రోఫిక్ ఎడమ పక్కనుంచి లోపలికి దూసుకుపోయాడు, వెనకనుంచి ఎవడో కాలడ్డం పెట్టాడు. రిఫరీ పెనాల్టీ అన్నాడు. రోఫిక్ లేచి దుమ్మయినా దులుపుకోకుండా బంతి చేతిలోకి తీసుకున్నాడు. గుండెకు ఆనించి పట్టుకున్నాడు. ఎప్పుడూ పెనాల్టీలు తర్ముజివి. అయినా ఇది తాను సంపాదించింది.

తర్ముజి మైదానం అంతా దాటి నడిచొచ్చాడు.

"ఇటివ్వు."

"నేను కొడతా చాక్."

"ఇవ్వమన్నానా."

రోఫిక్ వదల్లేదు. తర్ముజి అతని చేతుల్లోంచి బంతిని లాక్కున్నాడు, పిల్లాడి చేతిలో కత్తి లాక్కున్నట్టు. చుక్క మీద పెట్టాడు. వెనక్కి నడిచాడు. డప్పు వినిపించలేదు. ఆ వైపు వాళ్లంతా లేచి నిలబడ్డారు, కొందరు కళ్లు మూసుకున్నారు. తర్ముజి పరుగెత్తుకొచ్చి తన్నాడు. బంతి గోల్ పైకర్ర మీదుగా, వెనక గోడ మీదుగా పోయి మోటార్ సైకిళ్లు పెట్టిన ఆవరణలో పడింది.

తర్వాత బన్యులోర్ డప్పు మోగింది. చిలంకాప్ వాళ్లు ఎగిరారు, వాళ్లకంటే ఎక్కువగా బన్యులోర్ వాళ్లు ఎగిరారు. రెండు ఊళ్లూ ఒకేసారి సంతోషపడిన ఆటను రోఫిక్ అంతకుముందు చూడలేదు. అతను తర్ముజి ముఖం చూశాడు. తర్ముజి డప్పు వైపు చూస్తున్నాడు. ముఖం మీద ఏదో వెలిగింది. చిన్నదే, కానీ రోఫిక్ చూశాడు. అతనికి అంతకుమించి సాక్ష్యం అక్కర్లేకపోయింది.

ఆట గోల్ లేకుండానే ముగిసి చిలంకాప్ ఎక్కాక, దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగాడు: "ఊరికి ఎంతకు అమ్ముడుపోయావు చాక్?"

హాజీగారి కుర్చీ అప్పటికే ఖాళీగా ఉంది. తిరుగు బస్సులో ఏసీ వెయ్యలేదు.

బన్యులోర్ మైదానంలో మళ్లీ బల్లలు వేశారు. ఓడిన జట్టు అభిమానులు వరసగా కూర్చుని గుండ్లు చేయించుకున్నారు. జస్వాది తల చదునుగా, ఒక పక్క గుంటతో బయటపడితే జనం నవ్వి చచ్చారు. వరసలో మొదటి చోటు తర్ముజి కోసం ఉంచారు. అతను కూర్చోలేదు.

"నేను గోల్ కొట్టాలనే కొట్టానురా," అన్నాడు.

"అవును చాక్," అన్నాడు జస్వాది గట్టిగా, అందరికీ వినిపించేలా. "కొట్టాలనే కొట్టావు. మేమందరం చూశాం." పక్కవాడికి కన్ను కొట్టాడు.

కావాలని ఓడిన ఆటగాణ్ణి ఫుట్‌బాల్ సంఘం జన్మంతా ఆడకుండా నిషేధిస్తుంది. ఆ సంగతి కాఫీ కొట్టులో అందరికీ తెలుసు. కాబట్టి తర్ముజి ఎన్నిసార్లు కాదన్నా అది నిషేధం భయంతో అన్న మాటగానే ఊరు విన్నది. గట్టిగా అన్నకొద్దీ అతని తెలివిని మెచ్చుకుంది. మెల్లగా అంటే వినయం అనుకుంది. బూ రాస్మి అతని దగ్గర కాఫీకి డబ్బు తీసుకోవడం మానేసింది.

ఆమెతో అతను పోట్లాడాడు కూడా. "తీసుకో రాస్మీ. తాగింది నేను."

"నా కొట్టు ఉన్నంతకాలం నీ డబ్బు నాకొద్దు. ఊరి జట్టు నిలబెట్టావు."

"నిలబెట్టలేదే. తన్నడం రాలేదు."

"సరే, తన్నడం రాలేదు. కాఫీ తాగు."

హాజీగారికి జట్టు మీద మోజు పోయింది. లైసెన్సును అభిమానుల సంఘం పేర రాసిచ్చి, బస్సు తీసుకుపోయాడు. నికెల్ గనులవాళ్లు ఆ ఎండాకాలమే చిలంకాప్ చోటు కొనేశారు. చిలంకాప్ కుర్రాళ్లు గుండ్లతో తమ మైదానం గేటు ముందు కూర్చున్న ఫోటోను జస్వాది ఫోన్‌లో పెట్టుకుని ఊరంతా తిరిగాడు. చూడండి, అక్కడ మనం కూర్చోవలసింది, అన్నాడు. ఆ ఫోటో చూశాక తర్ముజిని ఇంకెవరూ మామూలు మనిషిగా చూడలేదు.

ఒక్క రోఫిక్ తప్ప. అతనికి ఇరవై మూడు నిండాయి. ఐదు చోట్లలో అతనికి చోటు లేదు, ఇంకే ఊళ్లోనూ లేదు. మోటార్ సైకిల్ మీద ఊళ్లు పట్టుకు తిరిగాడు. పంటలయ్యాక పల్లెలు ఒకదాని మీద ఒకటి పోటీలు పెట్టుకుంటాయి, బయటినుంచి ఆటగాళ్లను అద్దెకు తెచ్చుకుంటాయి. అక్కడ ఇంకొకడి పేరుతో ఇంకొకడి చొక్కా వేసుకుని ఆడేవాడు. ఒక చోట అంటోక్, ఇంకో చోట పేరే లేదు, పదకొండో నంబరు. అక్కడా ఆ పెనాల్టీ అతన్ని వదల్లేదు. బన్యులోర్‌వాడని తెలియగానే ఎవడో ఒకడు అడిగేవాడు: "ముజి ఊరా మీది? ఆ పెనాల్టీ ముజి? మనిషంటే అతనే." రోఫిక్ డబ్బు కవరు తీసుకుని, భోజనానికి ఆగకుండా బండి తీసేవాడు. ఎక్కడికి పోతున్నాడో తెలిసేది కాదు. ఆగితే మాత్రం తెలిసిపోయేది, తాను ఎక్కడా లేనని. రెండో లీగు ఆటలు ఫోన్‌లో చూడటం మానేశాడు. బూ రాస్మి కొట్టు ముందు బండి ఆపేవాడు కాదు.

చివరికి ఒక ఎండాకాలంలో, తర్ముజి మలేషియాలో పామాయిల్ తోటల్లోకి పనికి పోతున్నాడని విన్నాడు. రేపే పడవ అన్నారు. ఊరు విడిచి ఎందుకు పోతున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. తిండికి లోటు లేదు, కాఫీకి డబ్బు కూడా ఇవ్వనక్కర్లేదు. రోఫిక్ బండి ఉప్పు మడుల వైపు తిప్పాడు. ఎండ నెత్తి మీద ఉంది. తర్ముజి ఒంటరిగా ఉప్పు లాగుతున్నాడు, రేపు పోయేవాడు ఈ రోజు పని ఎందుకు వదలాలన్నట్టు. పాదాలు ఉప్పుకు పగిలి తెల్లగా ఉన్నాయి.

"రా," అన్నాడు. "ఎన్నాళ్లకు."

"ఒకటి అడిగి పోదామని వచ్చాను."

"అడుగు. అందరూ చెప్తున్నారు కానీ ఒక్కడూ అడగట్లేదు."

"కావాలని తన్నావా లేదా?"

తర్ముజి చెక్కపలకను మడి గట్టుకు ఆనించాడు. "లేదు. కుడి మూల చూసుకున్నాను. గోల్ అయితే జట్టు పోతుందని తెలిసే చూసుకున్నాను. బంతి ముందున్నప్పుడు ఇంకేం గుర్తొస్తుంది. నేల మీద ఆనిన కాలు మట్టిలో జారింది. అంతే."

"మరి నీ మొహం? నేను చూశాను. సంతోషపడ్డావు."

"పడ్డాను." దాచలేదు. "డప్పు వినగానే పడ్డాను. ఆ సంతోషానికి తిట్టు, పడతాను. బంతి తప్పినందుకు తిట్టకు. అది చేతకానితనం. ఊరు దానికి దండ వేసింది, నువ్వు దానికి ఉమ్మేశావు, రెండూ నాకు సరిపోలేదు. ఈ ఊళ్లో కాఫీ గొంతు దిగడం లేదు రోఫిక్. అందుకే పోతున్నా."

రోఫిక్ బండి తాళం వేలికి తిప్పుకుంటూ నిలబడ్డాడు. అన్నాళ్లు మోసిన కోపాన్ని ఎక్కడ దించాలో తోచలేదు. పోవడానికి బండెక్కి స్టార్ట్ చేశాడు. ఆ చప్పుడులో తర్ముజి ఇంకేదో అన్నాడు. రోఫిక్ ఇంజను ఆపాడు.

"ఏంటి?"

"నేను కావాలని చేసింది ఒక్కటే ఉంది," అన్నాడు తర్ముజి. "నీ చేతిలోంచి బంతి లాక్కున్నాను. నువ్వు కొడితే బంతి బయటికి పోతుందని భయపడ్డాను."